పద్నాలుగో ఏట రాసిన మాట



మొన్న వేసవిలో ఒక ఆదివారం. పూజ ముగిసి జనమంతా వెళ్ళిపోయినా ఒక తల్లి మాత్రం గుడి మెట్ల మీద కూర్చుండిపోయింది. దగ్గరికి వెళ్ళి పలకరించగానే ఫోను తీసి చూపించింది. అందులో ఐదేళ్ళ కిందటి వాట్సాప్ సందేశం ఒకటి ఉంది. ఎవరో దాన్ని ఉన్నదున్నట్టు బొమ్మగా పట్టి దాచుకున్నారు. పిల్లలు స్క్రీన్‌షాట్ అంటారే, అది.

"ఫాదర్, అప్పటికి వానికి పద్నాలుగేండ్లు. తెల్వక రాసిండు. ఇప్పుడు దాన్ని పట్టుకొని వాని బతుకంత ఆగం చేస్తరా?" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సంగతి ఇది. 2020లో కరోనా వల్ల బళ్ళు మూతపడ్డాయి. ఆ ఏడు సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు మొదలయ్యాయి. ఇంటిపని ఇవ్వడానికీ, సందేహాలు తీర్చడానికీ ఉపాధ్యాయులు తరగతికొక వాట్సాప్ గ్రూపు పెట్టారు. అటువంటి గ్రూపులో ఒక కోయ బాలిక, తమ గూడెంలో సిగ్నలు అందక పాఠం పోయిందనీ, ఎవరైనా నోట్సు పంపమనీ అడిగింది. ఈ తల్లి కొడుకు దానికి ఒక వాక్యం జవాబుగా పెట్టాడు. ఆ పిల్ల తెగ పేరునూ, ఒంటి రంగునూ, అడవినీ కలిపి అన్న మాట అది. దాన్ని నేను ఇక్కడ అచ్చు వేయను. పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. సాయంత్రానికి అందరూ మరచిపోయారు. అందరూ అనుకున్నారు, అంతే.

ఇప్పుడు ఆ కుర్రవాడికి పందొమ్మిదేళ్ళు. ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, అప్రెంటిస్‌షిప్ ముగించి, ఒక సంస్థలో కొలువుకు ఎంపికయ్యాడు. హాస్టలులో వేరే విషయమై అతనితో గొడవపడిన ఒకడు ఈ పాత బొమ్మను ఎక్కడినుండో సంపాదించి, తోటి విద్యార్థులందరికీ, చివరకు ఆ సంస్థ వారికీ పంపాడు. సంస్థ వారు "కొన్నాళ్ళు ఆగు" అన్నారు. గది మిత్రులు మాట్లాడడం మానేశారు.

ఒక పక్క మాటే విని తీర్పు చెప్పకూడదు కదా. మరునాడు నేను ఆ బాలిక ఉండే గూడేనికి వెళ్ళాను. ఆమె తండ్రి మంచం వాల్చి కూర్చోబెట్టాడు. వచ్చిన పని చెప్పగానే కాసేపు ఊరుకుని ఇలా అన్నాడు: "మేం ఆ పిల్లగాని కొలువు తీసెయ్యమని అడగలే సారూ. ఆ ఫొటో పంపింది గూడ మేం కాదు. గప్పుడు ఒక్కసారి ఇంటికొచ్చి, తప్పయింది బిడ్డా అంటే సరిపోవు. ఐదేండ్లాయె. ఎవ్వరు రాలే."

2021 ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతికి బళ్ళు మళ్ళీ తెరిచినప్పుడు ఆ పిల్ల పోనంటే పోనని ఇంట్లోనే ఉండిపోయిందట. రెండేళ్ళు మిరప తోటలకు కాయ ఏరడానికి పోయింది. ఆ తర్వాత ఒక ఉపాధ్యాయురాలు పట్టుబట్టి మళ్ళీ బడిలో చేర్పించింది. తోటివాళ్ళు చదువులు ముగించుకుంటుంటే ఆమె ఇంకా ఇంటర్‌లో ఉంది.

ఇదేదీ పాపసంకీర్తనంలో విన్నది కాదు. రెండు కుటుంబాల అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసివేసి రాస్తున్నాను. ఎందుకంటే ఇది ఆ రెండిళ్ళ సమస్య మాత్రమే కాదు. ఫోను ఉన్న ప్రతి ఇంటికీ రాగల సమస్య. చిన్నతనంలో ఒక జాతినో, తెగనో, కులాన్నో కించపరుస్తూ అన్న మాటకు మనిషి ఎంతకాలం శిక్ష అనుభవించాలి?

మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి: "పిల్లలు. ఏదో అన్నారు, వదిలేయండి." రెండవది: "అలాంటి మాట అన్నవాడికి చదువూ వద్దు, కొలువూ వద్దు." రెండూ మనల్ని ఆలోచించే శ్రమ నుండి తప్పిస్తాయి. అందుకే రెంటినీ నిదానంగా పరీక్షించాలి.

మొదటి జవాబు సంగతి చూద్దాం. "చిన్నపిల్లల మాట" అన్నప్పుడు అది ఎవరికి చిన్నది? అన్నవాడికి చిన్నది. పడ్డవాళ్ళకు కాదు. ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. 1980లలో నేను హాస్టలులో ఉండి చదువుకునే రోజుల్లో ఒక తోటి బాలుడికి అతని తెగను బట్టి ఒక పేరు పెట్టాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు గొప్పగా అనిపించింది. తర్వాత నేను గురువిద్యాలయంలో చేరాను, తత్వశాస్త్రం చదివాను, గురువునయ్యాను. ఇరవై ఏళ్ళు దాటాక హనుమకొండ బస్టాండులో అతను ఎదురుపడ్డాడు. ఉపాధ్యాయుడయ్యాడు. ఆప్యాయంగా చేతులు పట్టుకుని, నవ్వుతూనే అన్నాడు: "నువ్వు పెట్టిన పేరు పదో తరగతి దాకా ఊడలేదు ఫాదరూ."

నేను ఆ పేరు పెట్టిన సంగతే మరచిపోయాను. అతను ఒక్కరోజు కూడా మరచిపోలేదు. ఆనాడు ఫోనులు లేవు కనుక నా మాటకు రుజువు లేదు. రుజువు లేదు కనుకనే నేను మచ్చలేని విద్యార్థిగా గురువిద్యాలయంలో అడుగుపెట్టాను. అంటే, పాతరోజుల్లో మాటలు గాలిలో కలిసిపోయేవని మనం అనుకోవడం అన్నవాళ్ళ వైపు నుండి చూసిన లెక్క. పడ్డవాళ్ళ గుండెలో అవి ఎప్పుడూ అచ్చయ్యే ఉండేవి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

మన ప్రాంతంలో ఈ మాటల బరువు ఇంకా ఎక్కువ. ఎవరైనా మోటుగా ప్రవర్తిస్తే, పలానా తెగవాళ్ళలా చేస్తున్నావేమని అనడం తెలుగిళ్ళలో ఎంత మామూలో మీకు తెలుసు. రెండేళ్ళకొకసారి మేడారం జాతరకు లక్షలాది జనం బెల్లం బుట్టలు నెత్తిన పెట్టుకుని వెళతారు. సమ్మక్క, సారలమ్మ కోయల ఆడబిడ్డలు. అక్కడ పూజారులు కోయలు. అంత జనం అక్కడ తల వంచి, ఊరికి తిరిగొచ్చాక అదే తెగ పేరును తిట్టుగా వాడుతుంది. 2017 చివరలో షెడ్యూల్డు తెగల జాబితా విషయమై ఆదివాసీలకూ, లంబాడీలకూ మధ్య తగాదా ముదిరినప్పుడు రెండు వైపుల యువకుల ఫోనులలో తిరిగిన మాటలు కొన్ని నేనూ చూశాను. రాజకీయ కోరికలు వేరు, వాటిని చర్చించవచ్చు. కానీ అవతలివారి పుట్టుకనే తిట్టుగా మార్చిన ఆ సందేశాలు రాసింది ఎక్కువగా మీసాలు కూడా సరిగా రాని పిల్లలే.

మాట ప్రాణం మీదికి తేగలదు కూడా. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో చదువుతున్న గిరిజన పి.జి. విద్యార్థిని మరణం మన జిల్లాలను కుదిపేసింది. వాట్సాప్ గ్రూపులో ఆమెను అవమానించారన్నది ఆ కేసులో వచ్చిన ఆరోపణల్లో ఒకటి. దోషం ఎవరిదో తేల్చేది న్యాయస్థానం. నలుగురి ముందు పడిన అవమానాన్ని చిన్న విషయమని తీసిపారేయవద్దని మాత్రం ఆ మరణం మనందరికీ చెప్పింది.

చట్టం కూడా దీన్ని చిన్నదిగా చూడదు. 1990 జనవరి 30 నుండి అమల్లో ఉన్న షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నలుగురి ముందు కావాలని కించపరచడం నేరం. ఆరు నెలల నుండి ఐదేళ్ళ దాకా శిక్ష ఉంటుంది. ఇంటర్నెట్‌లో అన్న మాట కూడా దీని కిందికి రాగలదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. కనుక "పిల్లలు, వదిలేయండి" అనే జవాబు నిలవదు. అది దయలా కనిపిస్తుంది గానీ, ఆ దయ ఖర్చంతా గాయపడిన పిల్ల నెత్తిన పడుతుంది.

ఇక రెండవ జవాబు. ఒకసారి తప్పు బయటపడితే జీవితాంతం మూల్యం చెల్లించాలా?

ఇక్కడ మన దేశపు చట్టం చెప్పే రెండో మాట చాలామందికి తెలియదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివారు చేసిన నేరం వారి భవిష్యత్తుకు అనర్హత కాకూడదు. అతి తీవ్రమైన నేరాలకు పెద్దవారితో సమానంగా విచారించిన పదహారు దాటినవారికి మాత్రమే దీనినుండి మినహాయింపు. గడువు ముగిశాక ఆ దస్తావేజులను నాశనం చేయాలని కూడా చట్టం చెబుతుంది. బాలుడి పేరు, ఫొటో బయటపెట్టడమే నేరం. 2017 ఆగస్టులో గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ తన తీర్పులో, మనుషులు ఎదుగుతారనీ, బాల్యపు పొరపాట్ల ఫలితాన్ని పిల్లలు జీవితమంతా మోయకూడదనీ అభిప్రాయపడ్డారు. అంటే ఒక దొంగతనం చేసిన బాలుడికి కోర్టు దస్తావేజు చెరిగిపోతుంది. ఒక చెడ్డమాట రాసిన బాలుడికి మాత్రం ఎవరి ఫోనులోనో ఉన్న బొమ్మ ఎప్పటికీ చెరగదు. ఇది న్యాయంగా ఉందా?

క్రికెట్ చూసే పిల్లలకు అర్థమయ్యేలా ఒక ఉదాహరణ చెబుతాను. 2021 జనవరిలో సిడ్నీ మైదానంలో మన హైదరాబాదు ఆటో డ్రైవరు కొడుకు మహ్మద్ సిరాజ్‌ను ప్రేక్షకుల్లో కొందరు దూషించారు. అప్పటికి తండ్రి చనిపోయి రెండు నెలలు కూడా కాలేదు. సిరాజ్ ఊరుకోలేదు, తిరిగి తిట్టలేదు కూడా. అంపైర్లకు చెప్పాడు. ఆట ఆగింది. భారత ఆటగాళ్ళను జాతి పేరుతో దూషించిన మాట నిజమేనని ఆస్ట్రేలియా క్రికెట్ సంస్థ విచారించి ఒప్పుకుంది.

అదే ఏడు జూన్ 2న ఇంగ్లాండు బౌలరు ఓలీ రాబిన్సన్ లార్డ్స్‌లో తన మొదటి టెస్టు ఆడాడు. వివక్షను ఖండించే చొక్కాలు తొడుక్కుని ఇంగ్లాండు ఆటగాళ్ళు నిలబడ్డ రోజే, అతను 2012, 2013లలో, అంటే పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ వయసులో ట్విట్టర్‌లో రాసిన జాతి వివక్ష మాటలు బయటికి వచ్చాయి. ఆ సాయంత్రమే అతను క్షమాపణ చెప్పాడు. బోర్డు అతన్ని పక్కన పెట్టి విచారించింది. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం విధించి, అందులో ఐదింటిని నడవడిక చూసి అమలు చేస్తామని నిలిపి ఉంచారు. మిగతా మూడూ అప్పటికే గడిచిపోయాయి. 3,200 పౌండ్ల జరిమానా వేశారు. ఆగస్టులో అతను మళ్ళీ లార్డ్స్‌లో దిగాడు. ఎదుటి జట్టులో ఎవరున్నారో చూడండి. మన సిరాజ్. ఆ మ్యాచ్‌లో సిరాజ్ ఎనిమిది వికెట్లు తీశాడు, మనవాళ్ళు 151 పరుగులతో గెలిచారు.

రాబిన్సన్ దూషించింది సిరాజ్‌ను కాదు. అయినా ఆ మైదానం నాకు ఒక పాఠంలా కనిపిస్తుంది. అటువంటి మాట పడ్డవాడు తలెత్తుకుని ఆడుతున్నాడు. అటువంటి మాట అన్నవాడు శిక్ష అనుభవించి వచ్చి ఆడుతున్నాడు. ఎవరినీ శాశ్వతంగా బయటికి నెట్టలేదు, జరిగినదాన్ని లేదనీ అనలేదు.

దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. 2019 జూన్‌లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఒక యువకుడికి ఇచ్చిన సీటును వెనక్కి తీసుకుంది. పదహారేళ్ళ వయసులో అతను నల్లజాతివారిని కించపరుస్తూ రాసిన మాటలు బయటపడ్డాయి. అతను క్షమాపణ చెప్పాడు, సీటు మాత్రం రాలేదు. సీటు ఎవరి జన్మహక్కూ కాదు, ఇవ్వకపోవడం ఆ సంస్థ ఇష్టం. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ సీటు పోయినందువల్ల, ఆ మాటలు పడినవారిలో ఒక్కరికైనా ఏమి దక్కింది? తప్పు చేసినవాడు నష్టపోవడం, గాయపడినవారికి న్యాయం జరగడం ఒకటి కాదు. మన గూడెం తండ్రి ఈ సంగతి చదువుకోకుండానే చెప్పాడు: "కొలువు తీసెయ్యమని మేం అడగలే."

మరి తేల్చవలసింది ఏమిటి? పందొమ్మిదేళ్ళ కుర్రవాడు "అప్పుడు నేను చిన్నవాణ్ణి, ఇప్పుడు వేరే మనిషిని" అంటాడు. సగం నిజమే. కానీ పదో తరగతిలో తెచ్చుకున్న మార్కులు తనవేనని దరఖాస్తులో రాసుకునేవాడు, తొమ్మిదో తరగతిలో రాసిన మాట తనది కాదని అనలేడు. మనిషి మారతాడు, అప్పు మారదు.

మారాడా లేదా అని ఎలా తెలుస్తుంది? అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఒక చక్కని భేదం చూపిస్తాడు. తెలియక తప్పు చేసినవారిలో రెండు రకాలు ఉంటారు. తెలిశాక బాధపడేవాళ్ళు, తెలిశాక కూడా బాధపడనివాళ్ళు. మొదటి రకంవాడు మాత్రమే అది తన ఇష్టానికి విరుద్ధంగా జరిగిందని చెప్పుకోగలడు. కనుక "అప్పుడు నీ వయసెంత?" అన్న ప్రశ్నతో ఆగకూడదు. "ఇప్పుడు దాని గురించి ఏమనుకుంటున్నావు? దాన్ని సరిచేయడానికి ఏమి చేశావు?" అని అడగాలి. ఈ ఐదేళ్ళలో ఆ కుర్రవాడు ఆ గూడెం వైపు ఒక్క అడుగు వేయలేదు. అతని అసలు తప్పు అక్కడ ఉంది. పద్నాలుగో ఏట రాసిన మాటను వయసు కొంతవరకు మన్నిస్తుంది. పదిహేను నుండి పందొమ్మిది దాకా ఉన్న మౌనాన్ని ఏ వయసు మన్నిస్తుంది?

మన శ్రీసభ పాపసంకీర్తనం గురించి నేర్పేదీ ఇదే. పశ్చాత్తాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం, ఈ మూడూ కలిసి నడవాలి. జక్కయ్య ప్రభువును సంతోషంగా ఇంట్లో చేర్చుకుని ఊరుకోలేదు. మోసపోయినవారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పునీత తోమాసు అక్వినాసు గారు, దొంగిలించిన సొమ్మును తిరిగి ఇవ్వవలసినట్లే, చెడగొట్టిన మర్యాదను కూడా తిరిగి ఇవ్వాలని బోధించారు. గురువు పాపక్షమాపణ చెప్పగానే పొరుగువాడి బాకీ తీరిపోదు. నా వద్దకు వచ్చిన తల్లి కోరింది ఒక విధంగా అదే: "మీరు క్షమించామని ఒక ఉత్తరం రాయండి ఫాదర్" అని. నేను ఎవరిని క్షమించడానికి? నన్నెవరూ ఏమీ అనలేదే! గాయపడినవారి తరఫున మూడోవాడు క్షమించేయడం వారికి రెండో అవమానం.

ఇక ఆ బొమ్మను పంపినవాడి సంగతి. "నేను అబద్ధం చెప్పానా? ఉన్నదే చూపించాను" అని అతను అనవచ్చు. లేని తప్పును అంటగట్టడం ఒక పాపమైతే, తగిన కారణం లేకుండా పొరుగువాడి నిజమైన తప్పునే బయటపెట్టడం ఇంకొక పాపమని నీతిశాస్త్రం చెబుతుంది. కారణం ఉన్నప్పుడు చెప్పడం తప్పు కాదు సుమా! ఎవరికైనా హాని జరగబోతుంటే, ఆ ప్రవర్తన ఇంకా సాగుతుంటే, దాచడమే తప్పు. కానీ ఇతను ఆ కోయ బాలిక కోసం పంపాడా? ఆమె పేరైనా అతనికి తెలియదు. తన పగకు ఆమె గాయాన్ని రాయిగా వాడుకున్నాడు. మూతపడిన ఆమె బాధ మళ్ళీ వందల ఫోనుల్లోకి ఎక్కింది. మీ పిల్లల ఫోనులో ఇటువంటి బొమ్మ ఉంటే ఒక్క ప్రశ్న వేయమనండి: "దీన్ని నేను ఎవరి మేలు కోసం దాచాను?"

సంస్థ వారు అడిగిన ప్రశ్న మాత్రం సరైనదేనని నా అభిప్రాయం. అక్కడికి వచ్చే రోగుల్లో ఎంతోమంది గూడేల నుండి వచ్చేవారే. రక్తం తీయడానికి ఒక కోయ ముసలమ్మ చేయి చాపినప్పుడు, ఆ చేతిని ఇతను మర్యాదగా పట్టుకుంటాడా లేదా? అది తెలుసుకునే హక్కు వారికి ఉంది. కానీ అది ఈనాటి మనిషి గురించిన ప్రశ్న. దానికి జవాబు ఈనాటి ప్రవర్తనలో వెతకాలి, ఐదేళ్ళ కిందటి బొమ్మలో కాదు.

ఇప్పుడు తల్లిదండ్రులను ఒక మాట అడగాలి. ఆ రోజు మెట్ల మీద నేను ఆమెను అడిగాను: "పద్నాలుగేళ్ళవాడికి ఆ మాట ఎక్కడ దొరికిందమ్మా?" ఆమె చాలాసేపు నేల చూసింది. "మేం ఇంట్ల అనుకునే మాటనే, ఫాదర్" అంది. ఆ నిజాయితీకి నేను ఆమెను గౌరవిస్తాను. పిల్లలు తిట్లు పుట్టించరు. మన అరుగుల మీద, అన్నం పళ్ళేల దగ్గర, పెళ్ళి సంబంధాల మాటల్లో విన్నవాటినే ఫోనులో టైపు చేస్తారు. పిల్లవాడి కొలువు పోతే మనం గుండెలు బాదుకుంటాం. వాడికి ఆ మాట నేర్పిన మనకు ఏ కొలువూ పోదు.

మన శ్రీసభ కూడా ఈ విషయంలో చేతులు కడుక్కోలేదు, కడుక్కోకూడదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతులు దళితుల అభ్యున్నతి కోసం ప్రకటించిన విధానంలో, కుల వివక్ష సభలోపలే ఉన్న పాపమని ఒప్పుకున్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు మొదటి దళిత కార్డినల్ అయినప్పుడు మనమంతా సంతోషించాం, టపాకాయలు కాల్చాం. ఆ సంతోషం మన వీధుల్లో, మన ఫోనుల్లో ఎంత మిగిలిందో ఎవరికి వారు చూసుకోవాలి.

జరిగినది చెప్పి ముగిస్తాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ తల్లీ, కొడుకూ, నేనూ గూడేనికి వెళ్ళాం. ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టారు. కుర్రవాడు దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలు అక్కడ నోటికి రాలేదు. చివరకు "తప్పు చేసిన" అన్నాడు. ఆ అమ్మాయి సూటిగా అడిగింది: "ఇప్పుడు నాతోని ఒక్కదాంతోనే చెప్తున్నవు. అది రాసినప్పుడు క్లాసంత చూసిన్రు గద?"

తత్వశాస్త్రం చదివిన నాకు తోచని మాట అది. అవమానం ఎంతమంది ముందు జరిగిందో, మర్యాద అంతమంది ముందే తిరిగి రావాలి.

ఆ వారంలో అతను పాత తరగతివాళ్ళ నంబర్లు ఒక్కొక్కటిగా వెతికి, ఒక కొత్త గ్రూపు చేసి, అందులో తాను రాసినదేమిటో, అది ఎందుకు తప్పో రాశాడు. "ఎవరైనా బాధపడి ఉంటే" అని తప్పించుకునే మాట రాయలేదు. దాన్ని నేను ముందే కొట్టివేయించాను. ఆనాడు నవ్విన పదకొండు మందిలో నలుగురు తామూ తప్పు చేశామని రాశారు. ఒకడు ఏమీ అనకుండా గ్రూపు వదిలి వెళ్ళాడు. మిగతావారు పలకలేదు. ఆ అమ్మాయి కూడా గ్రూపులో ఏమీ రాయలేదు. తర్వాత నేను కనిపించినప్పుడు, "చదివిన ఫాదరూ" అంది. క్షమించానని అనలేదు. అనవలసిన అవసరమూ లేదు. అది ఆమె సొత్తు, ఆమెకు ఇష్టమైనప్పుడు ఇస్తుంది, లేకుంటే లేదు.

సంస్థ వారికి నేను ఉత్తరం రాశాను. తప్పు కప్పిపుచ్చమని కాదు, జరిగిందంతా రాశాను. ఆరు నెలలు చూస్తామని అతన్ని తీసుకున్నారు. ఆ ఆరు నెలలూ అతను సంపాదించుకోవలసినవే.

కనుక నాకు తోచింది ఇది. శిక్షకు గడువు ఉండాలి. "వీడింతే" అని మనిషికి వేసే ముద్రకు, అది పిల్లవాడైనప్పుడు మరీ, చోటే ఉండకూడదు. కానీ గాయపడినవారి పట్ల బాధ్యతకు గడువు లేదు. అది పద్నాలుగేళ్ళకు మొదలై, తీర్చేదాకా ఉంటుంది, యాభై దాటినా సరే. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టినప్పుడు నాకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. బస్టాండులో ఆ మిత్రుడు నవ్వుతూ ఆ మాట అన్నప్పుడు నేనూ నవ్వేసి బస్సెక్కాను. తప్పయిందని చెప్పనే లేదు. ఆయన ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో కనుక్కున్నాను. ఈ పత్రిక మీ ఇంటికి చేరే వారంలోనే వెళుతున్నాను.

మీకు కూడా వెళ్ళవలసిన ఇల్లు ఒకటి ఉందేమో, ఆలోచించండి. పిల్లలను కూడా వెంట తీసుకువెళ్ళండి.